స్టెంట్ తర్వాత మూలకణాల ఇంజెక్షన్ అవసరమా? (సమాధానం)

అన్నా, ముందు ఆ క్లినిక్ వాళ్లకి అడ్వాన్స్ మాత్రం కట్టొద్దు. నాన్నగారికి స్టెంట్ వేశాక రక్తనాళం లోపలి పొర మానాలంటే మూలకణాల ఇంజెక్షన్ కావాలని అమీర్‌పేటలో ఎవరో చెప్పారని రాశారు కదా, అందులో సగం నిజం ఉంది, అదే చిక్కు.

స్టెంట్ వేసేటప్పుడు పొర చెదిరిన చోట ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) అతుక్కుని ఎస్‌డీఎఫ్-1 అనే ప్రోటీన్ వదులుతాయి, ఆక్సిజన్ అందని కణజాలం కూడా దాన్నే తయారుచేస్తుంది. ఎముక మజ్జలోని పూర్వగామి కణాల (మూలకణాల నుంచి వచ్చే, ఇంకా పూర్తిగా ఎదగని కణాలు) మీద దాన్ని పట్టుకునే గ్రాహకం సీఎక్స్‌సీఆర్4 ఉంటుంది కాబట్టి, వీఈజీఎఫ్ (రక్తనాళాలను పెరిగేలా చేసే ప్రోటీన్) లాంటి సంకేతాలు కూడా తోడై, అవి మజ్జ వదిలి రక్తంలోకి వచ్చి, దెబ్బ తిన్న చోట నాళం గోడ మీద దొర్లుతూ దొర్లుతూ వేగం తగ్గి అంటుకుంటాయి. 1997లో శాస్త్రవేత్త అసహారా బృందం వీటి గురించి రాసినప్పుడు ఇవే కొత్త పొర అల్లుతాయనుకున్నారు. తర్వాత చూస్తే చాలావరకు అలా మారవు, పెరుగుదల పదార్థాలు వదిలి పక్కనే ఉన్న పొర కణాలను విభజన చెందేలా పురిగొల్పుతాయి. అసలు పని ఎక్కువగా ఆ పక్క కణాలదే!

అందుకే బయటి నుంచి ఎక్కించినంత మాత్రాన రిపేర్ అయిపోదు. పైగా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి ఇంజెక్షన్లు అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి. సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ అడిగి చూడండి, మాట మారుస్తారు.

సిగరెట్, అదుపులో లేని షుగర్ ఆ పూర్వగామి కణాలను దెబ్బతీస్తాయి, నడక మేలు చేస్తుంది, డాక్టర్ సరేనంటే కేబీఆర్ పార్కుకి తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా ఇచ్చే మాత్రలు మాత్రం కార్డియాలజిస్ట్ చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు, పొర కప్పేదాకా స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.