థాయిలాండ్ వీసా డిపాజిట్ కోసం బామ్మర్ది దగ్గర మిత్తికి తేవొచ్చా?

మిర్యాలగూడ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ సార్ రాసిన్రు. వయసు 62, పెన్షన్ నెలకు 52,000, బ్యాంకుల 14 లక్షల ఎఫ్‌డీ, నల్లగొండ రోడ్డుకు ఒక ప్లాటు. బిడ్డ, అల్లుడు బ్యాంకాక్‌ల ఉంటరు, మనవరాలు పుట్టింది, భార్యాభర్తలిద్దరం అక్కడనే ఉందామని ఆలోచన. రిటైర్‌మెంట్ వీసాకు 8 లక్షల బాట్ బ్యాంకుల చూపియ్యాలన్నరట, తక్కువ పడ్డ 8 లక్షల రూపాయలు బామ్మర్ది రెండు రూపాయల మిత్తికి ఇస్తనన్నడట, మూడు నెలలు చూపిచ్చి తిరిగి ఇచ్చేస్తే అయిపోతది కదా అని అడిగిన్రు.

అయిపోదు సార్. అసలు పొరపాటు ఆ "చూపిచ్చి" అన్న మాటలనే ఉంది.

బాట్ 2.75 రూపాయలు అనుకుందాం, లెక్క కోసం. 8 లక్షల బాట్ అంటే 22 లక్షల రూపాయలు. ఈ పైసలు మీ ఒక్కరి పేరు మీద థాయ్ బ్యాంకు అకౌంట్ల, ఏడాది పొడిగింపుకు (ముందు 90 రోజుల వీసా మీద పోయి, అక్కడ దాన్ని ఏడాదికి పొడిగిచ్చుకోవాలె) అప్లై చేసే రోజుకు రెండు నెలల ముందు నుంచే ఉండాలె, పొడిగింపు వచ్చినంక ఇంకో మూడు నెలలు ముట్టద్దు, ఆ తర్వాత కూడా 4 లక్షల బాట్‌కు తగ్గద్దు, మళ్ల వచ్చే ఏడాది అప్లికేషన్‌కు రెండు నెలల ముందు తిరిగి 8 లక్షలు నిండాలె. ఒక్క బాట్ తక్కువైనా కష్టమే. అంటే సగం పైసలు ఎప్పటికీ అక్కడనే, మిగతా సగం ఏడాదిల అయిదు నెలలు అక్కడనే. బామ్మర్దికి మూడు నెలలల్ల ఇచ్చుడు కుదరనే కుదరదు. రెండు రూపాయల మిత్తి అంటే 8 లక్షలకు నెలకు 16,000, అయిదు నెలలకు 80,000, పైసలు అటు ఇటు పంపే టైము కలిపితే ఆరు నెలలు అనుకోండి, 96,000. ఇది ఏటా! మీ రెండు నెలల పెన్షన్ దాదాపు మిత్తికే పోతది, పైగా ఇంటోళ్ల దగ్గర మాట పడుడు వేరే.

ఇంకో సంగతి, మన రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం బయటి దేశంల అకౌంట్ తెరిచి పైసలు దాచుకునుడు లాంటి వాటికి బ్యాంకులు లోన్ ఇయ్యద్దు, పంపేటప్పుడు ఫారం ఏ2 మీద ఈ సొమ్ము నాదే అని మీరు సంతకం చేయాలె. పంపే బ్యాంకుల మీ అకౌంట్ ఏడాది పాతదై ఉంటే మంచిది, కొత్తదైతే చానా కాగితాలు అడుగుతరు.

ఇగ టీసీఎస్ సంగతి, అంటే బయటికి పైసలు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంల 10 లక్షలు దాటి పంపితే దాటినదాని మీద 20 శాతం పట్టుకుంటరు. మీరు 22 లక్షలు ఒకేసారి పంపితే 12 లక్షల మీద 2 లక్షల 40 వేలు పోతది. పోతది అంటే రిటర్న్ వేస్తే తిరిగి వస్తది, మీకు పన్ను తక్కువే కాబట్టి దాదాపు అంతా వస్తది, కానీ నెలల తరబడి ఇరుక్కుంటది, ఆ 2.4 లక్షలు కూడా చేతుల ఉండాలె కదా. దీనికి దారి ఉంది. మార్చి నడుమ అక్కడికి దిగేటట్టు 90 రోజుల నాన్ ఇమిగ్రెంట్ "ఓ" రకం వీసా పెట్టుకోండి, ఇప్పుడు అంతా థాయ్ ఈ-వీసా వెబ్‌సైట్ల ఆన్‌లైన్‌లనే. దిగంగనే అకౌంట్ తెరవాలె, ఒక బ్రాంచిల కాదంటే ఇంకో బ్రాంచికి పోవాలె. మార్చి 28 లోపు 10 లక్షలు, ఏప్రిల్ మొదటి వారంల 12 లక్షలు. అప్పుడు టీసీఎస్ రెండు లక్షల మీద 40,000 మాత్రమే. జూన్ 5 కల్లా రెండు నెలలు నిండుతయ్, వీసా జూన్ 12 దాంక ఉంటది, ఆ వారంల అప్లై చేయాలె. టైము చానా టైట్, కాబట్టి టికెట్ కొనే ముందే క్యాలెండర్ మీద రాసుకోండి.

మీకు ఎవరూ చెప్పలేదు అనుకుంట, డిపాజిట్ ఒక్కటే దారి కాదు. నెలకు 65,000 బాట్ ఆదాయం చూపినా సరే, లేదా ఏడాది ఆదాయం ప్లస్ డిపాజిట్ కలిపి 8 లక్షల బాట్ అయినా సరే. 65,000 బాట్ అంటే 1.79 లక్షల రూపాయలు, మీకు కుదరదు. కానీ మూడోది చూడండి. మీ పెన్షన్ ఏడాదికి 6,24,000 రూపాయలు, అంటే దగ్గర దగ్గర 2,27,000 బాట్. మిగిలింది 5,73,000 బాట్, మన లెక్కల 15 లక్షల 75 వేలు. బామ్మర్ది దగ్గర 8 లక్షలు కాదు, తక్కువ పడేది లక్షా 75 వేలే! అయితే పెన్షన్‌కు ఏ కాగితం ఒప్పుకుంటరో ఆఫీసును బట్టి మారుతది, మీ బిడ్డను వాళ్ల ఏరియా ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు పంపి ముందే అడిగిపియ్యండి.

అయినా సరే, మీ 14 లక్షలు మొత్తం తీసి అక్కడ పెట్టుడు నాకు మనసొప్పుతలేదు సార్. ఇద్దరికీ అరవై దాటింది, రేపు ఒకరికి గుండెకో మోకాలికో ఆపరేషన్ అంటే ఆ పైసలు తీస్తే వీసా పోతది, తీయకపోతే మనిషి పోతడు. ప్లాటు అమ్మితేనే ఈ పనికి పోండి, ఎఫ్‌డీని ఇక్కడనే దవాఖాన కోసం ఉంచండి. ప్లాటు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉంటది, ఆడిటర్‌ను అడిగి పక్కకు పెట్టుకున్నంకనే మిగిలింది లెక్కపెట్టండి. అక్కడ మామూలు సేవింగ్స్ మీద ఒక శాతం వడ్డీ కూడా రాదు, ఇక్కడ 7 శాతం లెక్కన 22 లక్షల మీద ఏటా లక్షన్నర వదులుకుంటున్నట్టే, అది కూడా ఖర్చుల రాసుకోండి. డిపాజిట్ భద్రతకు ఒక బ్యాంకుల 10 లక్షల బాట్ దాంక ప్రభుత్వ హామీ ఉంది, ఆ భయం అవసరం లేదు.

భయపడాల్సింది ఇంకోటి ఉంది. ఆ అకౌంట్ మీ ఒక్కరి పేరు మీదనే ఉంటది, మన దగ్గర నామినీకి ఇచ్చినట్టు అక్కడ ఇయ్యరు, మీకు ఏమన్నా అయితే అమ్మగారు థాయ్ కోర్టు ద్వారా తీసుకోవాలె. కాబట్టి పోయిన మొదటి నెలలనే అక్కడి లాయర్‌తో ఆ డిపాజిట్ కోసం వీలునామా రాపియ్యండి. మన రిటర్న్‌ల కూడా ఆ అకౌంట్‌ను విదేశీ ఆస్తుల షెడ్యూల్‌ల చూపాలె, మరిచిపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా పడే సందర్భాలున్నయ్.

ఏజెంట్లు ఉంటరు, మీ అకౌంట్ల రెండు రోజులు పైసలు వేసి వీసా ఇప్పిస్తం అని. చేతులు జోడించి చెప్తున్న, వాళ్ల జోలికి పోవద్దు. జీవితమంతా పిల్లలకు నిజం చెప్పమని నేర్పిన మీరు ఈ వయసుల పరాయి దేశంల దొంగ కాగితాల కేసుల ఇరుక్కోవద్దు.

ప్లాటు అమ్ముడు ఇప్పట్ల కాకపోతే టూరిస్ట్ వీసా మీద 60 రోజులు, అక్కడనే ఇంకో 30 రోజులు పొడిగింపుతో మనవరాలిని చూసి రండి. ఆ మూడు నెలల్ల అక్కడి తిండి, ఎండ, బిడ్డ ఇంట్ల ఉండుడు అమ్మగారికి పడుతదో లేదో కూడా తెలుస్తది. తర్వాత రిటైర్‌మెంట్ వీసాకే పోతే, ఆమెకు మీ మీద ఆధారపడ్డ భార్యగా వీసా వస్తది, వేరే డిపాజిట్ అక్కర్లేదు, కానీ మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలె. మన దిక్కు ఆ రోజుల్ల పెండ్లిండ్లు రిజిస్టర్ చేసినోళ్లు తక్కువ, మీకు కూడా లేకపోతే ఈ వారంలనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి ఆ పని మొదలుపెట్టండి, తర్వాత విదేశాంగ శాఖ అటెస్టేషన్‌కు కూడా టైము పడుతది.