కె2లోని అంకె ఎత్తును చెప్పేది కాదు

ప్రశ్న: ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కాబట్టే కె2 అన్నారా? ఇంత గొప్ప శిఖరానికి స్థానికుల పేరంటూ లేదా? పాత పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ‘గాడ్విన్ ఆస్టిన్’ పేరు ఏమైంది?

జవాబు: ఆ అంకెకూ ఎత్తుకూ సంబంధం లేదు. 1856లో సర్వే అధికారి థామస్ మాంట్‌గోమరీ కశ్మీరులోని హరముఖ్ పర్వతం మీది నుంచి చూసినప్పుడు, దాదాపు 210 కిలోమీటర్ల అవతల రెండు శిఖరాలు ప్రస్ఫుటంగా కనిపించాయి. ఆయన వాటి రూపురేఖలు గీసుకుని, ఆ శిఖరాలున్న కారకోరం పర్వతశ్రేణి పేరులోని తొలి ఇంగ్లిష్ అక్షరంతో కె1, కె2 అని గుర్తులు పెట్టుకున్నాడు. అది నమోదు చేసుకున్న వరుస మాత్రమే. నిజానికి కె2 ఎత్తు 8,611 మీటర్లు కాగా, కె1 ఎత్తు 7,821 మీటర్లే.

స్థానికంగా వాడుకలో ఉన్న పేరు దొరికితే దానినే పటంలో చేర్చడం సర్వేవారి నియమం. ఆ ప్రకారం కె1 మషెర్‌బ్రుమ్ అయింది. కె3, కె4, కె5 శిఖరాలు గషెర్‌బ్రుమ్ పేరు కిందికి వచ్చాయి. కె2కు మాత్రం అలాంటి పేరు దొరకలేదు. అందుకు కారణం అక్కడి భూస్వరూపంలోనే ఉంది. పాకిస్తాన్ అధీనంలోని గిల్గిత్-బాల్టిస్తాన్‌కూ చైనాకూ మధ్య సరిహద్దు మీద, పర్వతాల వెనుక దాగి ఉన్న ఈ శిఖరం, దక్షిణాన ఆ దారిలో ఆఖరి ఊరైన అస్కోలేకు కనిపించనే కనిపించదు. అక్కడి నుంచి రోజుల తరబడి నడిచి, అరవై కిలోమీటర్లకు పైగా పొడవున్న బాల్తోరో హిమానీనదం మీదుగా కాంకార్డియా అనే కూడలికి చేరి ఎడమకు తిరిగితే, అప్పుడు గానీ అది పాదం నుంచి శిఖరాగ్రం దాకా కళ్లబడదు. నిత్యం కంటికి కనిపించని కొండకు ఊరివారు పేరు పెట్టుకోకపోవడం సహజమే కదా!

‘చోగోరి’ అన్న పేరు మీరు వినే ఉంటారు. బాల్టీ భాషలో దానికి ‘పెద్ద కొండ’ అని అర్థం. అయితే జనం ఆ పేరును విరివిగా వాడారనడానికి ఆధారాలు స్వల్పం, “అదేమిటి?” అని అడిగిన యాత్రికులకు ఎవరో ఇచ్చిన జవాబే పేరై ఉండవచ్చునన్న అభిప్రాయం నాకు సమంజసంగా తోస్తుంది. చైనావారి అధికారిక నామం మాత్రం దీని నుంచే పుట్టింది.

ఇక గాడ్విన్ ఆస్టిన్, 1861లో బాల్తోరో ప్రాంతాన్ని సర్వే చేసిన అధికారి. శిఖరానికి ఆయన పేరు పెట్టాలన్న ప్రతిపాదనను లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తిరస్కరించినా, కొన్ని పటాల్లోనూ మన పుస్తకాల్లోనూ అది నిలిచిపోయింది. కాబట్టి శిఖరాన్ని కె2 అనే రాయండి; ఆయన పేరు దాని పాదం వద్ద ప్రవహించే హిమానీనదానికి ఇప్పటికీ ఉంది.