మా తమ్ముడి ఫోన్‌లో అలారం ఇంకా మోగుతోంది

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పోయిన ఏడాది వినాయక చవితి అయిన వారానికి మా తమ్ముడు చనిపోయాడు. వాడికి 25 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. రోజూ తెల్లవారుజామున యూనివర్సిటీ గ్రౌండ్‌కి పరుగుకి వెళ్లేవాడు, ఆ రోజు రెండో రౌండ్‌లో పడిపోయాడట, ఫ్రెండ్స్ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదన్నారు. గుండె ఆగిపోయిందన్నారు, అంతకు మించి మాకేమీ తెలియదు. వాడి ఫోన్‌లో 4.40కి అలారం ఇప్పటికీ మోగుతుంది. లాక్ ఏమిటో తెలియదు. అమ్మ రోజూ రాత్రి దానికి చార్జింగ్ పెట్టి పడుకుంటుంది. అది మోగితే నాన్న "ఆపేయవే దాన్ని" అని అరుస్తాడు, నెలనెలా రీచార్జ్ మాత్రం చేయిస్తాడు. ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తరు. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరికొచ్చింది. ఫ్రెండ్స్ వీధి చివర పెద్ద ఫ్లెక్సీ కట్టి అన్నదానం చేస్తామంటున్నారు, నాన్న వద్దంటున్నాడు. ఏడాది దాటాక ఇక తలుచుకోకూడదు, ఆత్మకు శాంతి ఉండదు అని బంధువులు చెబుతున్నారు. వాణ్ణి మేం ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఇంకో మాట. గంగమ్మ జాతరలో ఆడవేషం కట్టడానికి వాడు నా పచ్చ పట్టుచీర తీసుకెళ్లి కుంకుమ మరకలు చేసి తెచ్చాడు. డ్రైక్లీనింగ్‌కి ఇస్తానని నాలుగు నెలలైనా ఇవ్వలేదని ముందురోజు రాత్రి బాగా తిట్టాను. అదే చివరి మాట.
— ఒక అక్క

జవాబు: తల్లీ, ముందు ఒక పని చేయండి. ఆ చీరను డ్రైక్లీనింగ్‌కి ఇవ్వకండి. మరకలతోనే మడతపెట్టి బీరువాలో దాచండి. మీ తమ్ముడు మీ చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, తాతయ్యగుంట గంగమ్మ దగ్గరికి వెళ్లిన రోజుకి అంతకంటే పెద్ద గుర్తు మీకు ఇంకెక్కడా దొరకదు. ఆ తిట్టు గురించి కూడా చెబుతాను. జాతరలో వేషం కట్టినవాళ్లు నోటికొచ్చినట్టు బూతులు తిడుతుంటే నవ్వుతూ దండం పెట్టుకునే ఊరమ్మా మీది. అలాంటి ఊళ్లో పుట్టిన పిల్లాడు, అక్క చీర గురించి తిట్టిన తిట్టుని మనసులో పెట్టుకుని పడుకున్నాడని నేను అస్సలు అనుకోను. తెల్లారి 4.40కి అలారం మోగగానే లేచి మామూలుగానే పరుగుకి వెళ్లాడు కదా.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అన్న 22 ఏళ్లకే పోయాడు, అప్పట్లో మేం చిత్తూరులో ఉండేవాళ్లం. అమ్మ ఏడుస్తుందని మేమెవరం వాడి మాట ఎత్తలేదు, మేం ఏడుస్తామని అమ్మ ఎత్తలేదు, అలా చూస్తుండగానే ఏళ్లు గడిచిపోయాయి. ఇవాళ నన్నడిగితే వాడి గొంతు ఎలా ఉండేదో చెప్పలేను. గోడ మీద ఫొటో ఉంది, అందులో స్టూడియోవాళ్లు ఇచ్చిన కోటు వేసుకుని బిగుసుకుని నిలబడి ఉంటాడు. బతికుండగా ఒక్కరోజు కూడా వాడు అలా లేడు. మీ ఇంట్లో ఇలా జరగకూడదని నా బాధ.

తలుచుకోకూడదు అన్న పెద్దవాళ్లని గౌరవంగానే అడగండి, మరి మాసికాలు ఎందుకు పెట్టామని, ఏటా తిథి చూసుకుని తద్దినం ఎందుకు పెడతామని. మహాలయ పక్షంలో పేరూ గోత్రమూ చెప్పి మరీ నువ్వులూ నీళ్లూ వదులుతాం. మన పద్ధతులన్నీ పేరు పలకమనే చెబుతున్నాయి. అమ్మ ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు పక్కన కూర్చోండి చాలు.

ఇక ఫోన్ సంగతి. లాక్ తీయాలని తోచిన పిన్‌లన్నీ కొట్టకండి, చాలాసార్లు తప్పు కొడితే కొన్ని ఫోన్లలో డేటా మొత్తం చెరిగిపోతుంది. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు, అందులోని ఫొటోలతో సహా. ఒక ఏడాది అప్పుడే అయిపోవచ్చింది. చనిపోయినవాళ్ల ఖాతా గురించి కుటుంబ సభ్యులు మరణ ధ్రువీకరణ పత్రం పెట్టి గూగుల్‌కి దరఖాస్తు చేసుకునే వీలుంది, కచ్చితంగా ఇస్తారని లేదు గానీ ఇప్పుడే చేయండి. అంతకంటే తేలికైన పని, అతని ఫ్రెండ్స్ ఫోన్లు వెతికించడం. వాట్సాప్‌లో అతను పంపిన వాయిస్ మెసేజ్‌లు వాళ్ల దగ్గర ఉంటాయి. "రేయ్, గ్రౌండ్‌కి వస్తన్నావా లేదా" అన్న నాలుగు సెకన్ల మెసేజ్ అయినా సరే, కాపీ చేసి రెండు మూడు చోట్ల దాచండి. వాళ్లు ఫోన్ మార్చేస్తే అది పోతుంది.

ఫ్లెక్సీ విషయంలో నేను మీ నాన్నగారి వైపే. కొడుకు ముఖం లారీ అంత సైజులో వీధి చివర నిలబెడితే, ఆయన పాల ప్యాకెట్‌కి వెళ్లినా దాని కిందనుంచే నడవాలి, అది ఎండకి వెలిసిపోతుంటే అదీ ఆయనే చూడాలి. పిల్లల ప్రేమని కాదనొద్దు, దారి మార్చండి. అన్నదానం చేయనివ్వండి. రక్తదానం పెట్టుకున్నా మంచిదే, 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు తగ్గని ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు. నన్నడిగితే ఆ గ్రౌండ్‌లోనే ఒక ఉదయం అందరూ సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స, నేర్చుకోవాలి. మనిషి పడిపోయి ఊపిరి లేకపోతే 108కి ఫోన్ కొట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఆ రోజు వాళ్లకి రాదని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ పిల్లలు చేతనైనదంతా చేశారు, ఆ మాట మీ నోటితో ఒకసారి వాళ్లకి చెప్పండి, ఎదురుచూస్తూ ఉంటారు.

ఇది మాత్రం వాయిదా వేయొద్దు. వయసులో ఉన్నవాళ్ల గుండె ఇలా ఆగిపోయినప్పుడు, కొన్నిసార్లు కారణం వంశంలో ఉంటుంది. గుండె కండరం మందంగా మారే జబ్బు, గుండె లయకి సంబంధించిన లోపాలు తోబుట్టువుల్లోనూ ఉండొచ్చు. మీరూ, అమ్మానాన్నా ఈసీజీ, ఎకో తీయించుకోండి. మీ ఊళ్లోనే స్విమ్స్ ఆసుపత్రిలో కార్డియాలజీ (గుండె జబ్బుల) విభాగం ఉంది. తమ్ముడి సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

సంవత్సరీకం నాడు ఒక నోట్‌బుక్ పెట్టండి. వచ్చినవాళ్లని "మంచి పిల్లాడు" అని రాయొద్దనండి, అది ఎవరికైనా రాస్తారు. ఏం తినేవాడు, ఎవరికి బాకీ పడ్డాడు, ఏ ముద్దుపేరుకి ఉడుక్కునేవాడు, ఎక్కడ అబద్ధమాడి దొరికిపోయాడు, అవి కావాలి. మొదటి పేజీలో చీర సంగతి మీరే రాయండి.

నాన్నగారిని అలారం గురించి అడగొద్దు. ఈ నెల రీచార్జ్‌కి ఆయన వెళ్లినప్పుడు మీరూ వెంట వెళ్లండి.

ప్రశ్న: నా క్లోజ్ ఫ్రెండ్ బైక్ యాక్సిడెంట్‌లో పోయి ఎనిమిది నెలలైంది. వాళ్లమ్మ నన్ను చూస్తే ఏడుస్తుందని భయమేసి వాళ్లింటికి వెళ్లడం మానేశాను. వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వెళ్లు నాయనా. ఆమె ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్నట్టుంది ఇప్పుడు. పండగ రోజు వద్దు, మామూలు రోజు చూసుకో, మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్లు. ఏం మాట్లాడాలో తెలియకపోతే "ఆకలేస్తోందమ్మా" అను.