నాన్నగారి బ్లాగుకి ప్లగిన్ సంగతి తర్వాత, ముందు అకౌంట్లు ఎవరి పేరున ఉన్నాయో చూడండి

ప్రశ్న: "రిటైరైన మా నాన్నగారు తెలుగులో బ్లాగు రాస్తానంటున్నారు. సొంత డొమైన్, హోస్టింగ్ కొని వర్డ్‌ప్రెస్ పెట్టించాలా, బ్లాగర్ సరిపోతుందా? హ్యాక్ కాకుండా ఏ సెక్యూరిటీ ప్లగిన్ మంచిది?"

బ్లాగర్ సరిపోతుంది. అది గూగుల్ ఉచితంగా ఇచ్చేది, సర్వర్ సంగతి గూగులే చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ అయితే అద్దె సర్వర్‌లో, అంటే హోస్టింగ్‌లో, మనమే పెట్టుకుని నడుపుకోవాలి. ఆయనకి కావల్సింది రాసుకోవడం, సర్వర్‌కి కాపలా కాయడం కాదు. మీరు పొద్దున్నే ఆఫీసుకి పోతారు. మరి వర్డ్‌ప్రెస్ అప్‌డేట్లన్నీ ఎవరు చూస్తారు? ఇక ప్లగిన్, అంటే సైటుకి పక్కన తగిలించే అదనపు ప్రోగ్రాం విషయమంటారా, అసలు మీరు వెతకాల్సిన చోటు అది కాదని నా గట్టి నమ్మకం. ఎందుకో తెలియాలంటే మా మావయ్య బ్లాగుకి పట్టిన గతి చెప్పాలి.

మావయ్య తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. తెలుగు బ్లాగులు కళకళలాడే రోజుల్లోనే రాయడం మొదలుపెట్టారు. అప్పట్లో విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్నచోట టిక్కు పెట్టాలి. అది సీడీ అడుగుతుంది. ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఆ తిప్పలన్నీ పడి, ఇంగ్లిష్ అక్షరాల్ని తెలుగులోకి మార్చే లేఖిని సైటులో కొట్టి, కాపీ చేసి బ్లాగర్‌లో అతికించేవారు. బ్లాగు అడ్రస్‌లో బ్లాగ్‌స్పాట్ అని వచ్చేది. చాటు పద్యాలు, ఊళ్లో పొలాలకున్న పాత పేర్లు, అప్పగింతల పాటలు, ఇలాంటివి రాసేవారు. తెలుగు బ్లాగుల కొత్త టపాల్ని (పోస్టుల్ని) ఒకచోట చూపించే కూడలి సైటులో ఆయన టపా పైన కనపడితే ఆ రోజు మా అత్తయ్యని కూడా వంటింట్లోంచి పిలిచేవారు, వచ్చి చూడమని.

కొన్నేళ్లకి ఎవరో అన్నారు, "మాస్టారూ, బ్లాగ్‌స్పాట్ అంటే చిన్నపిల్లల వ్యవహారంలా ఉంది, మీ పేరుతో డాట్ కామ్ ఉంటే గౌరవం" అని. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడే ఒకడు వెబ్‌సైట్లు చేస్తుంటాడు. గురుభక్తితో డబ్బులు కూడా పెద్దగా తీసుకోకుండా వర్డ్‌ప్రెస్ పెట్టి, మెరిసిపోయే థీమ్ (సైటు రూపురేఖలు) తొడిగి, అంతా అమర్చిపెట్టాడు. చూడ్డానికి నిజంగానే బాగుండేది, కాదనను.

ఒకరోజు మావయ్య స్నేహితుడు, ఆయనా రిటైర్డ్ హెడ్మాస్టరే, ఫోన్ చేశారు. "మాస్టారూ, మీ అప్పగింతల పాటల కోసం గూగుల్‌లో వెతికితే ఏవో మగవాళ్ల మందులొస్తున్నాయేంటండీ? ఈ వయసులో మీకీ వ్యాపారమేంటి?" మావయ్యకి చెమటలు పట్టాయి. గబగబా కంప్యూటర్ తెరిచి సైటు అడ్రస్ కొట్టారు. తన సైటు తనకి శుభ్రంగా కనపడుతోంది. ఆ పెద్దాయన మళ్లీ గూగుల్లోంచి వెళ్తే మళ్లీ మందులే. ఇద్దరూ ఫోన్లో వాదించుకున్నారు. చివరికి నాకు ఫోను: "ఒరే, నాకు బాగానే వస్తోంది, ఆయనకే ఏదో అయింది, ఆయన ఫోన్లో వైరస్ ఉందేమో చూడు."

వైరస్ ఆయన ఫోన్లో లేదు. ఈ రకం దొంగతనంలో కిటుకే అది. దూరిన కోడ్ ముందు వచ్చినవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో చూస్తుంది. గూగుల్లోంచి వచ్చినా, వచ్చింది పేజీల్ని జల్లెడపట్టే గూగుల్ రోబోట్ అయినా మందుల పేజీ చూపిస్తుంది. అడ్రస్ నేరుగా కొట్టిన ఓనరుకి మామూలు సైటే చూపిస్తుంది. సైటుకున్న మంచిపేరు వాడుకుని తమ లింకుల్ని పైకి తెచ్చుకోవడం వాళ్ల పని, అందుకని ఓనరుకి ఎంత ఆలస్యంగా తెలిస్తే వాళ్లకి అంత లాభం.

నేను కూర్చుని ఫైళ్లు తెరిచాను. థీమ్ ఫోల్డర్లో ఫంక్షన్స్ ఫైలు మొదటి లైను ఖాళీగా ఉన్నట్టే ఉంది. కింద స్క్రోల్ బార్ మాత్రం అనుమానం వచ్చేంత పొడుగ్గా ఉంది. కుడివైపుకి జరుపుకుంటూ పోతే, వందల ఖాళీల తర్వాత, స్క్రీన్ బయట దాక్కుని ఉంది: ఇవాల్, బేస్64 డీకోడ్ అని, కోడ్‌ని దాచిపెట్టి నడిపే మాటలు, ఆ తర్వాత అర్థంపర్థంలేని అక్షరాల తోరణం. ఫోటోలు మాత్రమే ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్లో, మావయ్య పెట్టిన మామిడితోట బొమ్మల మధ్య, ఒక పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్ మీద నడిచే ప్రోగ్రాం, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. రెండూ తీసేశాను. మర్నాటికి మళ్లీ వచ్చాయి. యూజర్ల జాబితా చూస్తే మావయ్యా, ఆ కుర్రాడూ కాక మూడో అడ్మిన్ ఉన్నాడు.

ఇదంతా ఎక్కణ్నుంచి వచ్చిందయ్యా అంటే, ఆ మెరిసే థీమ్ లోంచి. డబ్బుకి అమ్మే థీమ్‌కి లైసెన్సు తాళం కోసేసి ఉచితంగా పంచుతారు, నల్డ్ థీమ్ అంటారు. పనిగట్టుకుని తాళం కోసినవాడు ఊరికే ఎందుకు పంచుతాడు? పైగా దానికి అప్‌డేట్లు రావు. వర్డ్‌ప్రెస్‌ని తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. పాపం అది 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచీ చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లని తనంతట తనే వేసుకుంటోంది. గండి పడేది ఎక్కువగా పక్కన తగిలించినవాటికే. 2011లో టిమ్‌థంబ్ అని బొమ్మల సైజు తగ్గించే చిన్న స్క్రిప్టులో లోపం బయటపడితే, దాన్ని లోపల పెట్టుకున్న థీములన్నీ ప్రమాదంలో పడ్డాయి. తమ థీమ్‌లో అది ఉందని కూడా చాలామంది ఓనర్లకి తెలియదు. అందుకే సెక్యూరిటీ కోసం ఇంకో ప్లగిన్ అంటే నాకు నవ్వొస్తుంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. హోస్టింగ్ వాళ్లు అకౌంట్ ఆపేశారు. బ్యాకప్ ఇవ్వండి బాబూ అంటే "అది వేరే ప్యాకేజీ సార్" అన్నారు. పోనీ ఫైళ్లైనా ఇవ్వండి అంటే "రిజిస్టర్డ్ మెయిల్ నుంచి అడగండి" అన్నారు. ఆ మెయిల్ మావయ్యది కాదు, ఆ కుర్రాడు కాలేజీ రోజుల్లో పెట్టుకున్నది. ఓటీపీ వెళ్లేది వాడు ఎప్పుడో వదిలేసిన సిమ్‌కి. డొమైనూ వాడి పేరునే. ఇల్లు కట్టించుకుంది మావయ్య, రిజిస్ట్రేషన్ మాత్రం మేస్త్రీ పేరున అయింది. కుర్రాడు చెడ్డవాడు కాదు, పుణెలో ఉద్యోగం, ఫోన్లో "క్షమించండి మాస్టారూ" అని ఒకటే ఏడుపు. కానీ వాడికే ఆ మెయిల్ తెరుచుకోదు. ఆపేసిన నంబరు 90 రోజులు దాటాక ఇంకెవరికైనా ఇచ్చేయొచ్చని మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

టపాలు ఎలా దొరికాయో తెలుసా? పాత బ్లాగ్‌స్పాట్ బ్లాగుని మావయ్య సెంటిమెంటుతో తీసేయలేదు, కాబట్టి సగం అక్కడున్నాయి. మిగతావి డల్లాస్‌లో ఉండే మా అక్క ఇన్‌బాక్స్‌లో దొరికాయి. ఆమెకి ప్రతి టపా మెయిల్లో తెప్పించుకునే అలవాటు, చదివినా చదవకపోయినా డిలీట్ చేయదు. ఆ బద్ధకమే మమ్మల్ని కాపాడింది. ఇప్పుడాయన మళ్లీ బ్లాగర్లోనే రాస్తున్నారు.

కాబట్టి నాన్నగారి విషయంలో ఇలా చేయండి. జీమెయిల్ ఆయన పేరున, ఆయన ఫోన్ నంబరుతో తెరవండి, మీ నంబరుతో కాదు. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) పెడితే, ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది. అవి ప్రింట్ తీసి పట్టాదారు పాస్‌బుక్కులుండే ఫైల్లో పెట్టించండి. ఆ ఫైలు మాత్రం మన ఇళ్లలో ఎప్పుడూ పోదు. డాట్ కామ్ ముచ్చట ఉంటే ఆ డొమైన్ ఆయన పేరునే కొని బ్లాగర్‌కే తగిలించుకోవచ్చు, హోస్టింగ్ అక్కర్లేదు. గూగుల్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. బ్లాగుల కొత్త టపాల్ని ఒకచోట చదివించే రీడర్‌ని 2013లో మూసేసింది. 2019లో తన సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్‌ని మూసినప్పుడు బ్లాగర్లో దాని ద్వారా పెట్టిన వ్యాఖ్యలన్నీ పోయాయి. అప్పుడప్పుడూ మన డేటా దించుకోవడానికి గూగుల్ ఇచ్చిన టేకౌట్ నుంచి మొత్తం బ్లాగు దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఫోటోలు విడిగా కూడా దాచండి. ఇంకోటి, ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది. అకౌంట్ ఇన్ని నెలలు కదలకపోతే ఫలానా వాళ్లకి డేటా ఇవ్వమని ముందే చెప్పి పెట్టొచ్చు. నాన్నగారితో ఈ మాట ఎత్తడం ఇబ్బందే, అయినా ఎత్తండి.

పాస్‌వర్డ్ గురించి ఆయన్ని హింసించకండి. ఒక క్యాపిటల్, ఒక అంకె, ఒక వంకర గుర్తు, మూడు నెలలకోసారి మార్పు అనే చాదస్తాన్ని అమెరికాలో ప్రమాణాలు రాసే నిస్ట్ సంస్థే 2017లో వద్దంది. మన బ్యాంకు సైట్లు కొన్ని ఇంకా పట్టుకుని వేలాడుతున్నాయి. ప్రతిసారీ మార్చమంటే పెద్దవాళ్లు ఏం చేస్తారు, క్యాలెండర్ వెనకాల రాసుకుంటారు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టమనండి, వేరే ఎక్కడా వాడొద్దనండి, చాలు.

చివరగా, ఎవరో ఒకరు మీకు రైట్ క్లిక్ పనిచేయకుండా చేసే స్క్రిప్ట్ పెట్టమని తప్పకుండా చెప్తారు, టపాలు దొంగిలించకుండా. పెట్టకండి. చదివేవాడికి చికాకు తప్ప దొంగకి అడ్డం కాదు, వాడు స్క్రీన్‌షాట్ తీసుకుంటాడు. మావయ్య పొలం పేర్ల టపా ఈ మధ్య ఆయన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకే వచ్చింది, కింద "సేకరణ" అని. పంపింది మా బాబాయే. మావయ్య ఏమీ అనకుండా తన బ్లాగు లింకు, తేదీతో సహా, కింద పెట్టారు. బాబాయ్ దానికి చప్పట్ల బొమ్మ పెట్టి, "మీరూ రాస్తారా బావగారూ, తెలీదే!" అన్నాడు.