కేబుల్ మీద అనుమానం మానెయ్ బుజ్జీ

అమ్మా బుజ్జీ,

పెదనాన్న ఆశీస్సులు. మీ సర్వర్ లేవడం లేదని రాత్రి నువ్వు పంపిన ఫొటో పొద్దున లేవగానే చూశాను. నల్లటి తెర మీద ‘పీఎక్స్ఈ-ఈ61: మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్’ అని ఉంది. పీఎక్స్ఈ అంటే డిస్కు నుంచి కాకుండా నెట్‌వర్క్ నుంచి మెషీన్ లేవడం. మూడు కేబుళ్లు మార్చావు, స్విచ్‌లో పోర్టూ మార్చావు, అయినా అదే మాట. పాపం, రాత్రంతా టెన్షన్ పడి ఉంటావు.

ఆ మెసేజ్ నిజమే చెబుతోంది, కానీ అసలు జబ్బు గురించి కాదు. సర్వర్ ఆన్ కాగానే బూట్ ఆర్డర్ ప్రకారం, అంటే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) కోసం ఎక్కడెక్కడ చూడాలో చెప్పే వరుసలో, ఒక్కో చోటా వెతుక్కుంటూ పోతుంది. డిస్కులో బూట్ అయ్యేదేదీ దొరక్క నెట్‌వర్క్ దగ్గరికి వచ్చింది. సర్వర్‌కున్న నాలుగు నెట్‌వర్క్ పోర్టుల్లో మీరు వాడేది ఒకటో రెండో. ఖాళీ పోర్టు వంతు వచ్చినప్పుడు అది కేబుల్ లేదనే చెబుతుంది. కేబుల్ ఉన్న పోర్టు డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో అడ్రసులు పంచే సర్వీసు) నుంచి అడ్రస్ తెచ్చుకుంటుంది, బూట్ ఫైల్ పేరు అందకపోతే ‘పీఎక్స్ఈ-ఈ53’ అంటుంది. ఒకవేళ ఎవరైనా నెట్‌వర్క్‌ని డిస్కు కంటే ముందు పెట్టినా, కాసేపు ఆలస్యమై చివరికి డిస్కు నుంచి లేస్తుంది. మీది లేవడం లేదు. కాబట్టి డిస్కు వైపే చూడాలి.

దానికంటే ముందు ఒక పని చెయ్యి. వెనక కేబుళ్లు ఏవి ఎక్కడున్నాయో ఫొటో తీసుకుని, మేనేజ్‌మెంట్ పోర్టుది (దూరం నుంచి సర్వర్‌ని చూసుకునేది) వదిలేసి మిగతావన్నీ పీకెయ్. మీ నెట్‌వర్క్‌లో కొత్త మెషీన్లకు ఓఎస్ ఎక్కించే సర్వర్ ఉంటే, అది దీన్నీ కొత్తదే అనుకుని డిస్కు తుడిచేసి ఇన్‌స్టాల్ మొదలెట్టవచ్చు. నాకు అన్నిటికంటే భయం అదే.

తర్వాత సెటప్‌లోకి, అంటే మెషీన్ సొంత సెట్టింగుల మెనూలోకి, వెళ్లు. నొక్కాల్సిన కీ డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్9. అక్కడ మొట్టమొదట గడియారం చూడు. ఎందుకంటే, చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఆఫీసులో శని, ఆదివారాలు కరెంటు పోయి, సోమవారం సర్వర్ ఇలాగే నెట్‌వర్క్ పట్టుకుని కూర్చుంది. డిస్కు పోయిందని అందరూ తేల్చేశారు. సెటప్‌లో తేదీ చూస్తే కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంది. మూత తీసి, బోర్డు మీదున్న బిళ్ల బ్యాటరీ, అదే సీఆర్2032, మీటరుతో చూశాను. కొత్తదైతే 3 వోల్టులు దాటి చూపాలి, అది 2.4 చూపింది. బ్యాటరీ చచ్చిపోవడంతో సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి. డిస్కులు రెయిడ్ మోడ్‌లో (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడేది) ఉండాల్సింది ఏహెచ్‌సీఐలోకి (ఒక్కోదాన్నీ విడిగా చూసేది) మారిపోయింది. బ్యాటరీ వేసి, మోడ్ తిరిగి రెయిడ్‌కి మార్చగానే లేచి కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఎవరో కొత్తగా ఓఎస్ వేద్దామన్నారు, తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఆగినంత పని అవుతుంది.

గడియారం బాగానే ఉంటే రెయిడ్ కంట్రోలర్ మెనూ తెరువు. వర్చువల్ డిస్క్, అంటే డిస్కులు కలిపి చేసిన డిస్కు, కనిపిస్తోందా, దాని పక్కన ఏమని ఉందో చూడు. ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అని, అంటే డిస్కుల మీద కంట్రోలర్ తనవిగా గుర్తించని రెయిడ్ సెట్టింగులు ఉన్నాయని అడిగితే, తొందరపడి వాటిని తుడిచేసే ‘క్లియర్’ నొక్కకు. ఒక్కో స్లాటులో డిస్కు సరిగ్గా కూర్చుందా, లైటు ఏ రంగులో ఉందో రాసుకుని, అన్నీ ఉన్నాయని తేలాకే ఆ సెట్టింగుల్ని తిరిగి తీసుకునే ‘ఇంపోర్ట్’ సంగతి. డేటా తుడిచిపెట్టే ‘ఇనీషియలైజ్’ జోలికి మాత్రం అసలు పోవద్దు తల్లీ. బ్యాకప్ ఉందని ఎవరైనా అంటే ఆ బ్యాకప్‌ని నీ కళ్లతో చూడు.

డిస్కు ఆరోగ్యంగానే ఉండి బూట్ అవ్వకపోతే బూట్ మోడ్ చూడు. యూఈఎఫ్ఐలో (కొత్త బూట్ పద్ధతి) ఎక్కించిన ఓఎస్ లెగసీ (పాత పద్ధతి) మోడ్‌లో మామూలుగా లేవదు. మీ వాళ్లు ఈమధ్య మదర్‌బోర్డు మార్పించారేమో కనుక్కో. బూట్ ఎంట్రీలు (ఏ ఫైల్ నుంచి లేవాలో చెప్పేవి) బోర్డు మీది మెమరీలో ఉంటాయి కాబట్టి బోర్డుతోపాటే పోతాయి. అప్పుడు బూట్ మెనూలో ఫైల్ ఎంచుకునే చోటికి వెళ్లి, ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (డిస్కులో బూట్ ఫైళ్లుండే భాగం) మీ లైనక్స్ పేరున్న ఫోల్డర్ నుంచి బూట్ చెయ్యి. లేచాక ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే లైనక్స్ కమాండ్‌తో ఎంట్రీ కలుపుకోవచ్చు.

ఇంకొకటి. ఐపీఎంఐ (మేనేజ్‌మెంట్ పోర్టు ద్వారా సర్వర్‌ని నడిపే పద్ధతి) నుంచి ఎప్పుడో ఇన్‌స్టాల్ కోసం పీఎక్స్ఈ అని శాశ్వతంగా పెట్టి మరిచిపోయినా ఒక్కోసారి ఇలాగే కావచ్చు. మళ్లీ రీబూట్ చేసేదాకా బయటపడదు, కాబట్టి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. అది మామూలు బూట్ ఆర్డర్ పేజీలో కనపడకపోవచ్చు, మేనేజ్‌మెంట్ పేజీలో చూడు.

నెట్‌వర్క్ బూట్ ఆపెయ్యమని నీ సీనియర్ అన్నాడన్నావు. చివర్లో ఆపొచ్చు. ఇప్పుడే ఆపితే ఈ61 బదులు బూట్ డివైస్ లేదని వస్తుంది, అంతే తేడా.

ముందు కాస్త టిఫిన్ తిను. తర్వాత సెటప్‌లోని తేదీ, కంట్రోలర్ పేజీ, స్లాట్ల లైట్లు, ఈ మూడూ ఫొటో తీసి పంపు. మధ్యాహ్నం మూడింటి దాకా ఇంట్లోనే ఉంటాను.

మీ పెదనాన్న