అమెరికాలో పెంపుడు కుక్కకు ‘సర్వీస్ డాగ్’ (వికలాంగులకు సాయపడేందుకు శిక్షణ పొందిన కుక్క) అని రాసిన కోటు తొడిగి దుకాణంలోకి తెస్తే ఎవరూ అడగరా?

అడగవచ్చు, కానీ రెండే ప్రశ్నలు. ఈ కుక్క వైకల్యం కారణంగా అవసరమైందా? ఏ పనికి శిక్షణ పొందింది? 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సిబ్బంది అంతకుమించి అడగకూడదు. జబ్బు వివరాలు, ధ్రువపత్రం అడగడం, పని చేయించి చూపించమనడం ఏదీ కుదరదు. అసలు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అనేదే లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తెప్పించుకునే గుర్తింపు కార్డుకు, ఆ కోటుకు చట్టం దృష్టిలో ఏ విలువా లేదు.

ఈ లొసుగునే కొందరు వాడుకుంటున్నారు. నష్టపోయేది నిజంగా అవసరమున్నవారు. చూపులేని మనిషిని మెట్ల అంచున ఆపవలసిన కుక్క మీదికి, సరుకుల బండిలో కూర్చోబెట్టి తెచ్చిన పెంపుడు కుక్క మొరుగుతూ దూకిందనుకోండి. ఆ సర్వీస్ డాగ్ బెదిరిన క్షణంలో ఆ మనిషి అడుగు తప్పుతుంది. ఒక్కసారి కరిపించుకున్న కుక్క మళ్లీ ఆ పనికి పనికిరాకపోవచ్చు. నా దృష్టిలో ఇది చిన్న అబద్ధం కాదు, క్రూరత్వం.

అయితే సిబ్బంది చేతులు కట్టుకుని చూస్తూ ఉండనక్కర్లేదు. అదుపు తప్పిన కుక్కను, అది నిజమైన సర్వీస్ డాగే అయినా సరే, యజమాని అదుపు చేయకపోతే బయటికి తీసుకెళ్లమనవచ్చు. కాలిఫోర్నియాలో తెలిసి ఇలా మోసగిస్తే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. విమానాల్లోనైతే 2021 నుంచి, కేవలం మానసిక ఊరట కోసమని తెచ్చే జంతువులను సాధారణ పెంపుడు జంతువులుగానే పరిగణించే వీలు సంస్థలకు ఉంది.