పగలంతా పనిచేసే నాలుక నిద్రలో ఎందుకు అడ్డం పడుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి 46 ఏళ్లు. ట్రావెల్స్ బస్సు నడుపుతారు. పడుకోగానే గురక మొదలవుతుంది, దానికి అలవాటు పడిపోయాం. కానీ తెల్లవారుజామున ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. ఛాతీ ఎగసిపడుతుంటుంది గానీ ఊపిరి ఆడదు. కాసేపటికి పెద్ద చప్పుడుతో గాలి పీల్చుకుని పక్కకు తిరుగుతారు. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత. నాలుక వెనక్కి పడిపోతోందని మా అత్తగారు అంటున్నారు. పగలు మాట్లాడుతూ తింటూ బాగానే ఉండే నాలుక రాత్రి అలా ఎందుకవుతుంది? కంటినిండా నిద్ర పట్టడానికి సగం నిద్రమాత్ర వేయవచ్చా?
– ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాను. నిద్రమాత్ర వేయకండి. సగం కూడా వద్దు.

మీ అత్తగారి మాట నిజమే. నాలుక వెనక ఉండే గొంతు భాగం మెత్తటి గొట్టం. తెరిచి పట్టుకోవడానికి దాని చుట్టూ గట్టి ఎముక లేదు, ఆ పని కండరాలే చేయాలి. వాటిలో ముఖ్యమైనది జీనియోగ్లాసస్. ఇది గడ్డం ఎముక లోపలి వైపు మొదలై విసనకర్రలా నాలుకలోకి విచ్చుకుంటుంది, నాలుకను ముందుకు లాగి ఉంచుతుంది. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట ఉన్న మెడుల్లా నుంచి పన్నెండో కపాల నాడి ద్వారా దీనికి ఆదేశాలు వస్తాయి.

మెలకువగా ఉన్నంతసేపూ నారడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలు ఆ నాడీకణాలను చురుగ్గా ఉంచుతాయి. నిద్ర పట్టగానే వాటి ప్రేరణ తగ్గిపోతుంది. కింద డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల అడుగున ఉండే శ్వాస కండరం, మాత్రం గాలిని లాగుతూనే ఉంటుంది. పైన నాలుక వదులు, కింద లాగుడు. ఆ లాగుడుకే నాలుక వెనక్కి వచ్చి దారి మూసేస్తుంది. మీరు చూసిన ‘ఛాతీ ఎగసిపడటం, గాలి ఆడకపోవడం’ ఇదే. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఆయన్ను కాస్త లేపుతుంది, కండరం బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. ఆయనకిది గుర్తుండదు. రాత్రంతా ఇలా లేస్తూ పడుకుంటే పగలు మగత రాక ఏమవుతుంది?

మరి పగలు ఏ ఇబ్బందీ ఎందుకు లేదు? 1992లో అమెరికా పరిశోధకులు ఇలాంటి రోగుల నాలుక కండరాన్ని మెలకువలో పరీక్షించారు. మామూలు వాళ్లకంటే అది ఎక్కువ కష్టపడుతోందని తేలింది. గొంతు ఇరుగ్గా ఉన్నా మెదడు పగలంతా ఆ లోటు కనబడనివ్వదు. నిద్రలో ఆ అదనపు సాయం పోతుంది. అందుకే పగలు గొంతు చూసి ‘బాగానే ఉంది’ అంటే నేను ఊరుకోను.

తెల్లవారుజామున ఎక్కువ కావడానికీ కారణం ఉంది. కలలు బాగా వచ్చే రెమ్ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. అప్పుడు డయాఫ్రం లాంటి కొన్ని తప్ప ఒళ్లంతా కండరాలు సడలిపోతాయి. నాలుకను నడిపే నాడీకణాలను ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం నేరుగా అణచివేస్తుందని టొరంటోలో రిచర్డ్ హార్నర్ బృందం 2013లో ఎలుకల్లో చూపించింది. మద్యం, మత్తు కలిగించే నిద్రమాత్రలు ఆ కండరాన్ని ఇంకా వదులు చేస్తాయి, ఊపిరాడనప్పుడు లేచే శక్తినీ తగ్గిస్తాయి. అల్ప్రాజోలం లాంటి మాత్ర ఇంట్లో ఉంటే ఆయనకు అందకుండా పెట్టండి.

వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోమనండి, బరువు ఎక్కువుంటే తగ్గాలి. ఇవి సాయపడతాయి గానీ ఇవే చాలవు. సిడ్నీలో కోలిన్ సలివన్ 1981లో ప్రకటించిన సీప్యాప్ యంత్రం గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచుతుంది. అది వాడుకున్న చాలామందికి పగటి మగత తగ్గడం చూస్తుంటాను. ఆ పన్నెండో నాడికే కరెంటు ప్రేరణ ఇచ్చే పరికరానికి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది, కానీ ఖరీదు ఎక్కువ, అందరికీ సరిపోదు.

పరీక్ష చేయిస్తే ఉద్యోగం పోతుందేమోనని డ్రైవర్లు భయపడతారు. ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ ఆయన వెనక బస్సు నిండా జనం కూర్చుంటారు. మగత తగ్గేదాకా స్టీరింగ్ పట్టవద్దని నా మాటగా చెప్పండి.

ఈలోగా తెల్లవారుజామున లైటు వేసి, ముఖం, ఛాతీ రెండూ కనబడేలా ఫోన్‌లో వీడియో తీయండి. దాన్ని పల్మనాలజిస్టుకు గానీ ఈఎన్‌టీ డాక్టరుకు గానీ చూపించి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాసను గమనించే పరీక్ష, చేయించండి. ఆ పరీక్ష తెల్లారేదాకా సాగేలా చూడండి. సగం రాత్రికే ఆపితే మీరు చూసిన అసలు ఇబ్బంది అందులో పడకపోవచ్చు.